సిలిండరు నుదుట నూనె

కోడలు అత్తగారి కళ్లెదుటే ఆవిడ కొడుకు నుదుటి మీది ప్రార్థన నూనె తుడిచేసిందన్న కబురు, ఫెర్రీ కంటే ముందే హార్బరు దాటి హోప్ టౌన్ చేరిపోయింది. అక్కడి తెలుగు సంఘంలో ఆడవాళ్లు ఆ కబురుకి కాళ్లూ చేతులూ అమర్చారు. సీసా చెత్తబుట్టలో పడేసిందట అని ఒకామె అంటే, చర్చి అయ్యగారిని గుమ్మం తొక్కనివ్వలేదట అని ఇంకొకామె. జరిగింది అంత లేదు.

ఆ కోడలు లీదియాకు భర్త అన్నగారైన యేసురాజు నెమ్ము చేరి, ఊపిరి అందక, పోర్ట్ బ్లెయిర్‌లో లీదియా పనిచేసే ఆస్పత్రిలోనే ఐసీయూ మంచమెక్కాడు. ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ మాస్కు. తల్లి ఎలీసబెతు, అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన ఆలివు నూనె తెచ్చి కొడుకు నుదుట రాసింది. అది కనుబొమల మీదుగా మాస్కు అంచుకి జారుతుంటే లీదియా గాజుగుడ్డతో తుడిచేసింది. సీసాకి మూత బిగించి అత్తగారి చేతిలో పెట్టి, "ఇక్కడ మనిషికి నూనె రాయకూడదు అత్తయ్యా, రూలు" అంది. ఎందుకు రాయకూడదో చెప్పలేదు. ఆ మర్నాడే యేసురాజు గొంతులోకి గొట్టం దించి వెంటిలేటరుకి కలపాల్సి వచ్చింది. నూనె తుడిచిన చెయ్యే గొట్టం దించడానికీ సాయం పట్టడం ఎలీసబెతు కళ్లారా చూసింది. అప్పటినుంచి అత్తాకోడళ్లకు మాటల్లేవు. ఎలీసబెతు మాత్రం ఐసీయూ బయట వరండాలో బల్ల వదలలేదు.

ఇక ఇవాళ్టి సంగతి.

పొద్దుటినుంచి వాన. సముద్రం మీద గాలి చూసి చెన్నై ఓడను ఆపేశారు. ఆ ఓడలోనే ఆస్పత్రి ఆక్సిజన్ ప్లాంటుకి కావలసిన విడిభాగం రావాలి. ప్లాంటు మూలపడింది, గోడలోని పైపులో ఒత్తిడి లేదు. మనిషంత ఎత్తు సిలిండర్లను వరండాలో నిలబెట్టి, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి లోపలికి దొర్లించుకుంటూ నెట్టుకొస్తున్నారు.

లీదియా ఉద్యోగానికి రెస్పిరేటరీ థెరపిస్టు అని పేరు. నోరు తిరగని వాళ్లంతా హవావాలీ దీదీ, అంటే గాలి అక్క, అంటారు. డాక్టరు మందు రాస్తాడు, నర్సు ఎక్కిస్తుంది. ఊపిరి సంగతి లీదియాది. గొంతులో గొట్టం కదిలిందా, కఫం అడ్డుపడిందా, మిషను ఎంత గాలి తోస్తోంది, అందులో ఎంత ఆక్సిజన్, మనిషి మిషనుతో కలిసి పీలుస్తున్నాడా, దానితో పెనుగులాడుతున్నాడా, అన్నీ ఆమే కనిపెట్టుకోవాలి. సొంత బావగారికి నువ్వెందుకు చెయ్యాలి అన్నవాళ్లున్నారు. చెయ్యడానికి ఇంకో మనిషి ఉంటే కదా.

మధ్యాహ్నం దాటాక, నడుస్తున్న సిలిండరు మీటరు ముల్లు ఎర్రగీతలోకి దిగింది. "అప్పలరాముడూ, కొత్తది తే" అని కేకేసింది లీదియా.

అప్పలరాముడు వార్డుబాయి. ఇంతకుముందు జంగ్లీఘాట్‌లో బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. సిలిండరును వాటేసుకుని, అంచు మీద దొర్లిస్తూ మంచం పక్కకు తెచ్చి నిలబెట్టి, జేబులోంచి చాబీ తీసి, తిప్పడానికి వాల్వు మీద పెట్టాడు. చాబీ జారింది. మళ్లీ పెట్టాడు. నవ్వాడు.

"దేఖో దీదీ, చాబీ జారిపోతంది. ఎవడో మహానుబావుడు నూనె పెట్టీసినాడు. మంచి పనే చేసినాడు. ఈ ఉప్పుగాలికి అన్నీ బిగిసిపోయి నా రెక్కలు ఊడిపోతన్నాయి."

"చెయ్యి తియ్యి."

"ఏటి దీదీ?"

"చాబీ తిప్పకు. చెయ్యి తియ్యి అప్పలరాముడూ. తీసి వెనక్కి నిలబడు."

ఆమె గొంతు పెద్దది కాలేదు. చిన్నదైపోయింది. ఆ గొంతు అప్పలరాముడు ఇంతకు ముందెప్పుడూ వినలేదు. అతని మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వాల్వు మీద చాబీ అలాగే వదిలేసి రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు, పోలీసుకి దొరికినవాడిలా.

"నువ్వు రాశావా?"

"ఒట్టు దీదీ. నా పిల్లలమీదొట్టు."

"బోటు ఇంజను అనుకున్నావేమో. నిజం చెప్పు, ఏమీ అనను."

"మీరు మొదటి రోజే చెప్పీసినారు గదా, నూనెచేత్తో సిలిండరు ముట్టుకుంటే తోలు తీస్తానని. ఎందుకో నాకు తెల్దు గాని, ముట్టుకోను. భగవాన్ కసమ్."

లీదియా వంగి వాల్వు దగ్గర ముక్కు పెట్టింది. ఇంజను నూనె కాదు. కొబ్బరినూనె కాదు. లేత పచ్చివాసన, దాని మీద కాస్త అత్తరు. పోయిన వారం గాజుగుడ్డకి అంటుకుని, ఎంత కడిగినా ఆమె వేళ్లను వదలని వాసన అది.

ఈ సిలిండరు ఒక్కటేనా, బయట ఉన్నవన్నీనా?

డాక్టర్ గణేశ్వరరావు అప్పుడే లోపలికి వచ్చాడు. సంగతి విన్నాడు. చాబీ వంక, యేసురాజు వంక, ముల్లు వంక చూశాడు. "బాబోయ్" అన్నాడు. "నేను ఇక్కడుంటాను. మీరు వెళ్లి కనుక్కోండి. మీ అత్తగారు మీకైతేనే చెబుతుంది."

"నాకైతే అసలే చెప్పదు సార్" అంటూనే లీదియా తలుపు తోసింది.

వరండాలో ఎలీసబెతు బల్ల మీద కూర్చుని ఉంది. తెల్లచీర కొంగు తలమీద. కొంగు చివర ముడిలో సీసా ఆకారం. ఎదురుగా గోడ పొడవునా సిలిండర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మెడదాకా నలుపు, తల తెలుపు. వాన వెలుతురులో ఆ తెల్లతలలు నిగనిగలాడుతున్నాయి. పొద్దున నిగనిగలాడలేదు.

"అత్తయ్యా. వీటికి నూనె రాశావా?"

ఎలీసబెతు చూపు తిప్పుకుంది. "ఇప్పుడు గుర్తొచ్చిందేటి అత్తని?"

"కోపం తరవాత పడు. రాశావా, లేదా?"

"మనిసికి రాయొద్దన్నావు. ఇనుముకి రాయొద్దని అన్లేదు గదా."

లీదియా ఆ సిలిండర్ల వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఏటలా చూస్తావు? నీ రూలు నేను మీరలేదు. నా కొడుకుని ముట్టుకోలేదు, నీ గది గుమ్మం తొక్కలేదు. మద్దేనం నీ అప్పలరాముడు అన్నానికెళ్లినప్పుడు ఒక్కోదాని నుదుట వేలు పెట్టి, వాడి పేరు చెప్పి పార్థన చేసినాను. వాడికి ఊపిరి పోసేది ఇయ్యేనంట గదా. వాణ్ణి దీవించనివ్వకపోతే వాడి ఊపిరిని దీవిస్తాను. ఎవరికేటి నట్టం?"

"నుదురంటే ఎక్కడ అత్తయ్యా? తెల్లగా ఉన్నచోటా? పైన ఇత్తడి ఉందే, అక్కడా?"

"ఇత్తడి దగ్గరే. గాలి అక్కణ్ణించే వస్తాదంట గదా."

లీదియా ఆవిడ ముందు నేలమీద చతికిలబడింది. అరిస్తే ఈ ముసలావిడ బిగుసుకుపోతుంది, నోరు విప్పదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే ఆ సంగతి తెలుసుకుంది.

"అత్తయ్యా, కట్టెలపొయ్యి ఆరిపోతుంటే ఏం చేస్తావు?"

"అదేటి పెశ్న?"

"చెప్పు."

"గొట్టం పెట్టి ఊత్తాను."

"ఊదితే?"

"నిప్పు లేస్తాది."

"నీ ఊపిరికే నిప్పు లేస్తుంది కదా. ఈ సిలిండర్లో ఉన్నది అచ్చంగా ఆ నిప్పును లేపే గాలే, కూరికూరి పెట్టారు. మూత తిప్పగానే ఎంత జోరుగా వస్తుందంటే, ఆ జోరుకే వేడి పుడుతుంది. అక్కడ నూనె చుక్క ఉంటే చాలు. అగ్గిపుల్ల అక్కర్లేదు. భగ్గుమంటుంది. ఇత్తడి కూడా మండుతుంది. గొట్టం వెంట మంట ఎక్కడికి పోతుందో తెలుసా? ఆ గొట్టం రెండో కొస ఎవరి గొంతులో ఉందో తెలుసా?"

కొంగుముడి మీద ఉన్న ఎలీసబెతు చెయ్యి మెల్లగా దిగిపోయింది.

"ఇప్పుడే అప్పలరాముడు వాల్వు మీద చాబీ పెట్టాడు. జారింది కాబట్టి బతికాం."

"ఈ ముక్క అవేళ ఎందుకు చెప్పలేదే?" అంది ఆవిడ. "రూలు అన్నావు. రూలు అంటే నాకేటి తెలుస్తాది? రేషను బజారులోనూ రూలే అంటారు, జెట్టీలోనూ రూలే అంటారు. పొయ్యి అని చెప్తే ముట్టుకుందునా?"



"మీ మావ పోయేనాటికి నువ్వింకా మన ఇంటికి రాలేదు" అంది ఎలీసబెతు, సిలిండర్ల వంకే చూస్తూ. "అప్పుడు హోప్ టౌన్‌లో కారూ లేదు, అంబులెన్సూ లేదు. డుంగీ పడవలో పడుకోబెట్టి చాతాం జెట్టీకి తెస్తన్నాం. నడిమధ్యన ఆయాసం ఎక్కువైపోయింది. ఆ డుంగీలో మీ గాలి సిలిండరూ లేదు, నూనె సీసా కూడా లేదు. తెద్దామనుకుని గూట్లోనే మరిసిపోయాను. నా కొడుక్కి రెండూ ఉండాలనుకున్నానమ్మా. రెండూ ఉండాలని."

లోపలినుంచి వెంటిలేటరు అరుపు మొదలైంది. ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయిందని చెప్పే కూత. లీదియా దిగ్గున లేచింది.

"అన్నింటికీ రాశావా? ఒక్కటైనా వదిలేశావా? ఆలోచించి చెప్పు అత్తయ్యా. వదిలేశావని చెప్పు."

ఎలీసబెతు వేలు ఎత్తింది. ఆ వేలి కొస ఇంకా మెరుస్తోంది. వరండా చివర, విరిగిన వీల్‌చైరు వెనక, మూలకి ఒక సిలిండరు ఒంటరిగా ఉంది. "దాని దగ్గరికి పోలేదు. ఆ కుర్చీ అడ్డుంది. నా మోకాళ్లు వంగలేదు. దాని కోసం ఇక్కణ్ణించే చెయ్యి చాపి పార్థన చేసినాను. ముట్టుకోలేదు. పెబువు తోడు, ముట్టుకోలేదు."

"అప్పలరాముడూ!"

తరవాత అంతా పరుగే. అప్పలరాముడు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగాడు. నూనె అంటిన చొక్కా విప్పేసి పచ్చగౌనూ, చేతులకి రబ్బరు తొడుగులూ తొడుక్కున్నాడు. వాల్వు మీద వదిలేసిన చాబీ జోలికి పోవద్దని, స్టోరునుంచి వేరేది తెప్పించింది లీదియా. వీల్‌చైరును అవతలకి లాగి, మూలనున్న సిలిండరు వాల్వును పొడి గాజుగుడ్డతో తుడిచి, గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంది. దుమ్మువాసన. తుప్పువాసన. మళ్లీ తుడిచి మళ్లీ వాసన చూసింది. దుమ్మే. దుమ్ము వాసనకి అంత సంతోషం కలుగుతుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"అందరూ కిందికి" అని డాక్టర్ గణేశ్వరరావు వరండాలోకి వచ్చి చేతులూపాడు. "అమ్మా, మీరు కూడా. ఒక్కరూ ఉండకూడదు ఇక్కడ. ఈ సిలిండర్లను ఎవరి చెయ్యీ తాకకూడదు." మిగతా వార్డుల వాళ్లు వీటిని పట్టుకుపోకుండా చూడటానికీ, వేరే ఆస్పత్రిని సిలిండర్లు అడగటానికీ ఆయనే మెట్లు దిగి పరుగెత్తాడు. ఎలీసబెతు గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఆయన వెనకే దిగింది.

ఇంకెవరూ రాకుండా లీదియా తలుపు లోపలినుంచి గడియ పెట్టింది. ఆ గదిలో మంచం మీద యేసురాజు, పక్కన అప్పలరాముడు, తను.

యేసురాజు పెదవులు అల్లనేరేడు రంగుకి తిరుగుతున్నాయి. ఆక్సిజన్ అయిపోయిన మిషను వట్టి గాలే తోస్తోంది, ఆ వట్టిగాలి అతని ఊపిరితిత్తులకు చాలడం లేదు. తెరమీద తొంభై పైన ఉండాల్సిన రక్తంలోని ఆక్సిజన్ అంకె ఎనభైల్లోకి జారి ఇంకా కిందికి చూస్తోంది. లీదియా మిషను గొట్టం విప్పి, గొంతులోని గొట్టానికి గాలితిత్తి తగిలించింది. రబ్బరు తిత్తి అది, చేత్తో నొక్కితే గాలి లోపలికి పోతుంది. గదిలోనే పెట్టెలో భద్రంగా ఉండే చిన్న సిలిండరును దానికి కలిపింది. నొక్కింది. ఛాతీ లేచింది. వదిలింది. ఛాతీ పడింది. చిన్న సిలిండరు ముల్లు ఆమె కళ్ల ముందే కిందికి నడుస్తోంది.

"బావా, నాతో పాటు పీల్చు. అదే. మళ్లీ."

మత్తుమందులో ఉన్న మనిషికి వినపడదని ఆమెకు తెలుసు. అయినా చెబుతూనే ఉంది. ఓడ ఉద్యోగం మీదున్న మొగుడు దేవకుమార్ పొద్దున ఫోనులో ఒకటే మాటన్నాడు, అన్నయ్య నీ చేతుల్లో ఉన్నాడు లీదియా అని. ఏదో మాటవరసకన్నాడు. ఇప్పుడది అక్షరాలా అంతే అయింది. చెయ్యి ఆగితే ఊపిరి ఆగుతుంది.

అప్పలరాముడు మూల సిలిండరును మంచం పక్కకి దొర్లించాడు. "రెగ్యులేటరు, దీదీ?"

సిలిండరులోని జోరును అణిచి మిషను తట్టుకునేంత ఒత్తిడికి దించే ఇత్తడి బిరడా అది. పాతది నూనె సిలిండరు పక్కనే ఉంది, దానికేమైనా అంటిందేమో.

"పాతది వద్దు. మేకుకి ఇంకోటి వేలాడుతోంది చూడు."

"తలుపవతల మేక్కా? మొన్న మీరే తుడిచి పెట్టినారు, అదేనా?"

"అదే. నా చేత్తో తుడిచాను. త్వరగా."

అప్పలరాముడు గడియ తీసి, చెయ్యి చాపి మేకున ఉన్నది అందుకుని, మళ్లీ గడియ పెట్టాడు. సిలిండరుకి బిగించాడు. గొట్టం మిషనుకి తగిలించాడు. చేతికి తొడుగులుండటంతో వేలికి తడి ఏదీ తెలియలేదు.

సరిగ్గా ఆ వేళకి ఎలీసబెతు కింద మెట్ల మలుపులో గోడకి చేరగిలబడి, చేసిన పనిని మొదటినుంచి నెమరేసుకుంటోంది. మొదటి సిలిండరు. దాని పక్కది. ఆ పక్కది. వరస అయిపోయాక తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు పక్కన మేకుకి ఇత్తడిది ఒకటి వేలాడుతోంది. చంటిబిడ్డ నోరులా చిన్న కన్నం ఉంది దానికి. ముద్దుగా అనిపించింది. గాలి చివరికి ఈ నోట్లోంచే పోవాలి కాబోలనుకుంది. సీసా వంచి, ఆ నోట్లో ఒక చుక్క వేసింది.

కోడలు సిలిండర్ల గురించి అడిగింది. తను సిలిండర్ల గురించే చెప్పింది.

"ఓలమ్మో."

వంగని మోకాళ్లు వంగాయి. కమ్మీ పట్టుకుని, చీర కాళ్లకు అడ్డం పడుతుంటే మోకాళ్ల పైకి లాక్కుని, ఎలీసబెతు మెట్లెక్కింది. కింది నుంచి ఎవరో "అమ్మా, పైకి పోకూడదు" అని అరుస్తున్నారు. వరండా. తెల్లతలల సిలిండర్లు. తలుపు పక్కన మేకు. మేకు ఖాళీగా ఉంది.

తలుపు తోసింది. గడియ. తలుపులోని అద్దం మీద రెండు అరచేతులతో బాదింది. "లీదియా! దానికి కూడా రాశానే! ఆ ఇత్తడిదానికి!" లోపల వెంటిలేటరూ, అంకెల మానిటరూ ఒక్క గొంతుతో కూస్తున్నాయి. పైన రేకుల మీద వాన. మాట అద్దం దాటలేదు. ఆవిడ కొంగుముడి విప్పి, సీసా బయటకు తీసి, అద్దానికి ఆనించి పట్టుకుని ఊపింది. దాన్నీ, లోపలి సిలిండరునీ మార్చి మార్చి చూపించింది.

లీదియా తలెత్తింది. అద్దం మీద నూనె మరకలు. వెనక అత్తగారి నోరు ఆగకుండా కదులుతోంది, ప్రార్థనలో కదిలినట్టే. చేతిలో మళ్లీ అదే సీసా. అంత చెప్పినా, పొయ్యితో పోల్చి చెప్పినా, మళ్లీ అదే సీసా పట్టుకుని వచ్చేసింది ఈవిడ.

చిన్న సిలిండరు ముల్లు అడుగు తాకింది. చేతిలో తిత్తి మెత్తబడిపోతోంది. యేసురాజు ఛాతీ సగమే లేస్తోంది.

ఆమె అద్దం వైపునుంచి మొహం తిప్పేసుకుంది.

"తిప్పు" అంది.

అప్పలరాముడు చాబీ మీద రెండు చేతులూ వేశాడు.